అయివారు ఎవరికి లెక్క చెప్పేవారు

1823 ఆగస్టు 17న బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంప్‌బెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. జిల్లాలో బడులెన్ని, చదివేదెవరు, ఏం చదువుతున్నారు, అయివార్లకు ముట్టేదెంత అన్నవి అందులోని సంగతులు. అప్పటి బళ్లారి జిల్లా అంటే ఆదోని, గుత్తి, పెనుకొండ, రాయదుర్గం అన్నీ కలిసిన సీమ. అనంతపురం విడిగా జిల్లా అయింది 1882లో. ఈ సీమలోనే జిల్లా పరిషత్తు బడుల్లో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని నేను. చరిత్రకారుడు ధరంపాల్ 1983లో అచ్చు వేయించిన సంపుటంలో ఆ నివేదిక చదివాను. నా ఉద్యోగం నాకు సరిగ్గా అర్థమైంది అది చదివాకే. అందుకే దాని గురించి రాయాలనుకున్నాను.

క్యాంప్‌బెల్ తెలుగు తెలిసినవాడు. 1816లో తెలుగు వ్యాకరణం, ఆ తర్వాత నిఘంటువు అచ్చు వేశాడు. లెక్కలు అడిగింది గవర్నరు థామస్ మన్రో. 1822 జూన్‌లో, మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లాలన్నిటా ఊరిబడుల వివరాలు తెప్పించమని ఆదేశమిచ్చాడు. చాలామంది కలెక్టర్లు పట్టికలు నింపి పంపి ఊరుకున్నారు. క్యాంప్‌బెల్ మాత్రం బడి లోపలికి వెళ్లి చూసినట్టు రాశాడు. జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు. బడులు 533, పిల్లలు 6,641. బడికి పన్నెండు మంది. బోధనలో 235 కన్నడం, 226 తెలుగు. మిగిలినవి మరాఠీ, పార్సీ, అరవం, సంస్కృతం, ఒకే ఒక్కటి ఇంగ్లీషు. మొత్తం పిల్లల్లో ఆడపిల్లలు 60 మంది.

ఆ పన్నెండు అన్న అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నా తరగతిలో అరవై మంది ఉండిన ఏళ్లు ఉన్నాయి. పన్నెండు మంది పిల్లలంటే, ఎవరి ముఖం ఎప్పుడు వాడిందో చూసినవెంటనే తెలుస్తుంది. ఎవరి నాయన ఏ వీధిలో ఏం పని చేస్తాడో, పోయిన వానాకాలం వాళ్ల ఇంట్లో గింజలున్నాయో లేవో అయివారికి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

ఐదో ఏట అక్షరాభ్యాసం. వినాయకుడికి పూజ చేసి, పళ్లెంలో పోసిన బియ్యంలో బిడ్డ వేలు పట్టి రాయించేవారు. మర్నాటి నుంచి నేల మీద పరిచిన ఇసుకలో వేలితో ఓనమాలు, గుణింతాలు. చేయి కుదిరాక పలక. అది రాతి పలక కాదు, నున్నగా చిత్రిక పట్టి బొగ్గుపొడి పూసిన చెక్క. లేదంటే కడితం: గంజి పెట్టి బిగించిన గుడ్డను పుస్తకంలా మడిచి, బొగ్గూ జిగురూ కలిపి పూసినది. దాని మీద బలపంతో రాసి తడిగుడ్డతో తుడిచేసేవారు. ఆ తర్వాతే తాటాకు, గంటం. పండితుల చదువు కాదిది. ఎక్కాలు, వడ్డీ లెక్కలు, ఉత్తరం రాయడం, నాలుగు శతకాలు నోటికి రావడం. షావుకారు చిట్టా చదవగలిగితే, కరణం రాసిన పత్రంలో ఏముందో తెలిస్తే చదువు వచ్చినట్టే.

పొద్దున ఆరింటికి బడి. ముందుగా వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న: పొగడ్తా లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చే ప్రతివాడికీ ఒక్కొక్కటి ఎక్కువ. బద్ధకస్తుడికి గుంజీలు. మరీ మొండివాడికి కోదండం. రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీయడం అది. మా తాత చిన్నప్పుడు మా ఊరి వీధిబడిలో కోదండం ఎక్కినవాడే. ముసలితనంలో కూడా ఆ మాట ఎత్తితే ఆయన మణికట్లు రుద్దుకునేవాడు. వీధిబడిని తలచుకుని మురిసిపోయే వ్యాసాలు ఈ మధ్య బాగా వస్తున్నాయి. వాటిలో సరస్వతి పేరు ఉంటుంది, కోదండం ఉండదు. రెండూ ఒకే అయివారి చేతి పనులే. బిడ్డ తెలిసినవాడే బిడ్డను వేలాడదీశాడు. దాన్ని దాచిపెట్టి చరిత్ర రాయడం నాకు ఇష్టం లేదు.

క్యాంప్‌బెల్ మెచ్చుకున్నది ఒకటుంది: ముందు నేర్చినవాడు వెనకవాడికి నేర్పడం. పెద్దపిల్లలు చిన్నపిల్లలను కూర్చోబెట్టుకుని దిద్దించేవారు. చెప్పేవాడికీ పాఠం గట్టిపడేది, అయివారికీ చేయి ఖాళీ అయ్యేది. ఈ పద్ధతి అప్పటికే ఇంగ్లండుకు చేరింది. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ పిల్లల బడికి పెద్దగా కుదిరిన ఆండ్రూ బెల్, ఒక నాటు బడిలో పిల్లలు ఇసుకలో రాస్తుండగా చూసి, తన బడిలో అలాగే చేయించాలనుకున్నాడు. అక్కడి మేష్టర్లు ఒప్పుకోలేదు. ఆయన జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల పిల్లవాడికి చిన్నతరగతి అప్పజెప్పాడు. ఆ పిల్లవాడు నేర్పి చూపించాడు. 1797లో బెల్ దాని మీద లండన్‌లో చిన్న పుస్తకం వేశాడు. ‘మద్రాసు పద్ధతి’ పేరుతో అది ఆ దేశమంతా పాకింది. ఎనిమిదేళ్ల పిల్లవాడి మీద అంత నమ్మకం పెట్టడం పెద్ద సంగతి. నా తరగతుల్లో వెనకబెంచీలో మౌనంగా కూర్చునేవాళ్లకు నేను ఇచ్చిన మొదటి పని కూడా అదే, మరొకరికి నేర్పడం. తలెత్తి మాట్లాడటం చాలామందికి అలాగే వచ్చింది.

క్యాంప్‌బెల్ తప్పుపట్టినవీ ఉన్నాయి. పద్యాలు వందల కొద్దీ నోటికి వస్తాయిగాని వాటి అర్థం పిల్లలకు తెలియదన్నాడు, తెలియజెప్పగల అయివార్లు తక్కువన్నాడు. ఆ మాట నిజమే.

ఇక జీతం. ఇసుకలో రాసే పిల్లవాడికి నెలకు పావలా, కాగితం మీద రాసి లెక్కలు నేర్చేవాడికి అర్ధరూపాయి. పండుగలకు బియ్యం, కూరగాయలు, పెళ్లిళ్లకు పంచె. దసరాలో పిల్లలు విల్లంబులు పట్టి, అయివారి వెంట ఇంటింటికీ వెళ్లి పద్యాలు చదివితే, ఇంటివాళ్లు అయివారికి డబ్బు, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. అది పండుగ వేడుక మాత్రమే కాదు. ఏడాదిలో ఒకసారి ఊరు తన పిల్లల నోట ఏం పలుకుతోందో గుమ్మంలో నిలబడి వినేది. అయివారు లెక్క చెప్పుకోవలసింది ఆ గుమ్మానికే. పిల్లవాడికి రాకపోతే పావలా ఆగేది.

కానీ ఏ గుమ్మాలు? అయివారి వెంట పిల్లలు వెళ్లని వీధులు ప్రతి ఊళ్లోనూ ఉండేవి. మాల మాదిగ వాడల గుమ్మానికి అయివారు లెక్క చెప్పవలసిన పని లేకపోయింది. ఇంట్లోని ఆడపిల్లకూ అంతే. 60 మంది ఆడపిల్లలు అన్న అంకె అర్థం అదే. పావలా ఇచ్చేవాడికే జవాబుదారీ ఉన్న బడి, పావలా ఇవ్వలేనివాడిని చూడనైనా చూడలేదు. 1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టడం, 1910లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో ఆది హిందువుల పిల్లలకు బడి తెరవడం, ఈ చూడని చూపుకు ఇచ్చిన జవాబులు.

పావలా ఇవ్వగలిగినవాళ్లు కూడా తగ్గిపోతున్నారని క్యాంప్‌బెల్ దాచకుండా రాశాడు. ఇంగ్లండు బట్టలు వచ్చి ఇక్కడి నేతగాళ్ల సంపాదన పడిపోయింది. సైన్యాలు దూరపు సరిహద్దులకు తరలిపోయాక ధాన్యానికి గిరాకీ తగ్గింది. ఒకప్పుడు బడులున్న ఊళ్లలో ఇప్పుడు లేవు, పెద్ద బడులున్నచోట కలిగినవాళ్ల పిల్లలు నలుగురే మిగిలారు. ఈస్టిండియా కంపెనీ కలెక్టరే కంపెనీ పాలన మీద ఇలా రాయడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మన్రో 1826 మార్చిలో అన్ని జిల్లాల లెక్కా కూడితే బడులు 12,498, అంటే వెయ్యి మందికి సుమారు ఒకటి. అయివారికి నెలకు ఆరేడు రూపాయలకు మించి రావడం లేదని, అంతకు తగినవాళ్లు దొరకరని ఆయన రాశాడు. తహసీల్దారీకి ఒక బడి పెట్టి, అయివారికి సర్కారు నెలకు 9 రూపాయలివ్వాలన్నాడు. పిల్లలిచ్చే ఫీజు మాత్రం ఆపవద్దన్నాడు. సగం సర్కారుకు, సగం ఊరికి లెక్క చెప్పే అయివారు అన్నమాట. అది బాగా ఆలోచించి వేసిన పథకమని నా అభిప్రాయం. మరుసటి ఏడు మన్రో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆ తహసీల్దారీ బడులు నిలదొక్కుకోలేదు.

1850ల్లో గోదావరి ప్రాంతంలో మరో ప్రయత్నం జరిగింది. నరసాపురం వైపు సబ్‌కలెక్టరు జి. ఎన్. టేలరు ప్రోత్సాహంతో రైతులు శిస్తు మీద కొంత పన్ను తామే వేసుకుని ఊరిబడులు నడుపుకున్నారు. ఆనకట్ట నీళ్లు పారిన సీమ గనుక వాళ్లకది సాధ్యమైంది.

అసలు మలుపు 1860ల్లో వచ్చింది. బడికిచ్చే గ్రాంటును పరీక్ష ఫలితాలను బట్టి ఇవ్వడం మద్రాసు సర్కారు మొదలుపెట్టింది. ఇన్‌స్పెక్టరు వస్తాడు, పిల్లలను పరీక్షిస్తాడు, ఎందరు ఏయే విషయాల్లో నెగ్గితే అంత డబ్బు. పల్లెబడి అయివార్లు వేల సంఖ్యలో ఈ లెక్కలోకి వచ్చారు. చదువు విస్తరించింది, అది కాదనలేను. కానీ అయివారి చూపు గుమ్మం వైపు నుంచి ఇన్‌స్పెక్టరు గుర్రం వచ్చే బాట వైపు తిరిగింది. నెగ్గేవాడి మీద డబ్బు వస్తుంది, తప్పేవాడి మీద రాదు. అలాంటప్పుడు తప్పేవాడి దగ్గర ఎవరు కూర్చుంటారు? నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ గ్రాంటు పోయి ఎన్నో దశాబ్దాలు. అయినా తనిఖీ రోజున మొద్దుపిల్లలను ఇంటి దగ్గరే ఉంచమని చెప్పే అలవాటు నేను పనిచేసిన ఒక బడిలో సజీవంగా ఉండింది. పదో తరగతి ఉత్తీర్ణత శాతం పేరుతో అది మరింత బలపడింది. మూడు పరీక్షల్లో తప్పిన పిల్లవాడు బడి మానేసి బెంగళూరులో కూలికి పోతే ఆ శాతం పెరుగుతుంది!

ఇప్పుడు బడుల్లో కౌన్సెలర్లు ఉండాలంటున్నారు. తప్పకుండా ఉండాలి. పిల్లల కష్టం వినడానికి తీరికా తర్ఫీదూ ఉన్న మనిషి బడికొకరు కావాలి. కానీ ఆ మనిషి నెలాఖరున ఎవరికి ఏ నివేదిక పంపాలన్నది ముందు తేల్చాలి. అది కూడా ఉత్తీర్ణత పట్టికలో ఒక గడి అయితే పిల్లవాడు నోరు విప్పడు.

పైవాడికి కాక పిల్లవాడికే లెక్క చెప్పుకున్న పంతులుగా నేను గిడుగు రామమూర్తి గారిని తలుస్తాను. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో కుర్రపంతులుగా చేరారు. చుట్టూ కొండల్లో సవరలు. వాళ్ల పిల్లలకు తెలుగు రాదు, పంతుళ్లకు సవర రాదు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో ఉంచుకుని ఆయన సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. మద్రాసు సర్కారు మెచ్చి పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బు సవరల బడికే ఇమ్మన్నారు. సవర భాషకు ఆయన చేసిన వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. 1940లో కన్నుమూశారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. దానికి ప్రేరణ ఒక స్కూళ్ల ఇన్‌స్పెక్టరే కావడం విశేషం. ఉత్తర జిల్లాల బడులు చూడవచ్చిన జె. ఏ. యేట్స్, పిల్లలు మాట్లాడే తెలుగుకూ పుస్తకాల్లోని తెలుగుకూ అంత దూరమెందుకని అడిగాడు. పరీక్షించడానికి వచ్చినవాడు పిల్లవాడి వైపు నిలబడి ప్రశ్న వేయడం బడుల చరిత్రలో తరచుగా జరగదు.

పిల్లల మాటలోనే పాఠం చెప్పే పని తిరిగి బడిలోకి రావడానికి చాలా కాలం పట్టింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతి పాఠాలు మొదలుపెట్టింది. సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా. అక్షరాలు తెలుగువి, మాటలు పిల్లలవి. పాఠం చెప్పేవాళ్లను ఆ తెగల నుంచే తీసుకున్నారు. నేను పనిచేసిన తండా బడికి ఆ పుస్తకం రాలేదు. పిల్లల తల్లుల దగ్గర నేర్చుకున్న లంబాడీ మాటలతోనే మొదటి నెలలు గడిపేదాన్ని. నీళ్లు, ఆకలి, నొప్పి, భయం అన్నవాటికి వాళ్ల మాటలు ముందు అడిగి తెలుసుకున్నాను, అంకెలు ఆ తర్వాత.