జెట్టీ క్రింద దొరికిన చరిత్ర

పశ్చిమ ఆస్ట్రేలియాలో స్వాన్ నది సముద్రంలో కలిసేచోట ఫ్రీమాంటిల్ పట్టణం ఉన్నది. నదీముఖంలో రాతితిన్నె అడ్డుగా ఉండుటచే పెద్ద ఓడలు లోనికి పోలేకపోయేవి. అందుచేత 1873లో తీరంనుండి సముద్రంలోనికి ఒక కొయ్యజెట్టీ కట్టినారు. 1896 నాటికి అది సుమారు 1 కిలోమీటరు పొడవైనది. లాంగ్ జెట్టీ అన్న పేరు అట్లు వచ్చినదే. గాలివాన వేళ దానివద్ద ఓడను నిలుపుట నావికులకు ప్రాణసంకటం. ఇంజనీరు సి. వై. ఓకానర్ తిన్నెను పేల్పించి నదిలోనే రేవు నిర్మించగా, 1897లో ఓడలు అందులోకి రాసాగినవి. జెట్టీని 1921లో పడగొట్టినారు.

1983లో అమెరికా కప్పు పడవపందెం ఆస్ట్రేలియా గెలిచినది. తదుపరి పోటీ 1987లో ఫ్రీమాంటిల్‌లోనే. దానికై జెట్టీ శిథిలాల దాపున కొత్త పడవలరేవు తలపెట్టినారు. అడుగుమట్టిని ఒకసారి తోడివేసి రాళ్లు పోసిన తరువాత అక్కడ వెదకుటకు ఏమీ మిగలదు. కనుక 1984లో పశ్చిమ ఆస్ట్రేలియా మ్యూజియం వారు ముందుగా గజఈతగాండ్రను దింపి పరిశోధన జరిపినారు.

వారు వెదకినది నిధులు కావు, చెత్త! ఓడలవారు, కూలీలు, షికారుకు వచ్చినవారు నీటిలో పారవేసిన సీసాలు, పింగాణీ పెంకులు ఇసుకలో పూడి ఉన్నవి. పైకి తేలిన కొయ్యను ఓడపురుగు తొలిచివేస్తుంది. ఇసుకలో కూరుకున్న భాగానికి ప్రాణవాయువు అందదు కనుక అది నిలుస్తుంది.

సీసా వయస్సును దాని అతుకుగీతే చెప్పగలదు. గీత మూతికి దిగువనే ఆగితే, మూతిని చేతితో తీర్చినారన్నమాట. పెదవి మీదుగా సాగితే, అది యంత్రం పోతపోసిన సీసా, 20వ శతాబ్దపుది. జెట్టీ పొడవు కూడా ఒక విధమైన కాలమానమే. 1896లో పొడిగించిన కొనవద్ద, జెట్టీ మీదినుండి పడిన వస్తువు ఆ ఏటికి ముందు పడినది కాజాలదు. అయితే అలలు వస్తువులను దొర్లించగలవు. అందుచేతనే ప్రతి సీసాను పైకి తెచ్చుటకు ముందే, అది దొరికిన తావును కొలిచి వ్రాసుకొనవలె.