చప్పుడు లేని డబ్బా: లైనక్స్ కంప్యూటర్ పార్టుల వెనక కథ

 ఎపిసోడ్‌లో మాట్లాడిందాన్నే కాస్త సర్ది, అక్కడ టైం చాలక వదిలేసినవి కలిపి రాస్తున్నాను.

మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే. "అన్నా, లైనక్స్ వేసుకోవడానికి ఒక డెస్క్‌టాప్ కావాలి. చప్పుడు చేయొద్దు, మధ్యలో సతాయించొద్దు. ఏ పార్టులు తీసుకోవాలి?" బెడ్‌స్పేస్‌లో ఉండేవాళ్ళకు చప్పుడు సంగతి విడిగా చెప్పక్కర్లేదు. రూములో ఆరుగురుంటే అందులో ఇద్దరు నైట్ డ్యూటీ చేసొచ్చి పొద్దున పడుకునేవాళ్ళే. మా రూములో ఒక పాత డబ్బా ఉండేది. అది ఆన్ చేస్తే పక్క మంచం అన్న దుప్పటి ముఖం మీదికి లాక్కుని "గిది కంప్యూటరా, గిర్నియా?" అనేవాడు. పైగా ఇక్కడ తప్పు పార్టు కొంటే పోయేది ఇంటికి పంపాల్సిన డబ్బు.

పార్టుల లిస్టు ఇస్తే ఆరు నెలల్లో పాతబడిపోతుంది. కొన్ని పార్టులు లైనక్స్‌తో ఎందుకు కలుస్తాయో, కొన్ని ఎందుకు కలవవో ఆ కథ తెలిస్తే, ఏ షాపులో నిలబడ్డా మీరే తేల్చుకోవచ్చు.

కథ మొదలైంది 1991 జనవరిలో, ఫిన్లాండ్‌లో. హెల్సింకి యూనివర్సిటీలో చదువుతున్న 21 ఏళ్ళ లైనస్ టోర్వాల్డ్స్ వాయిదాల మీద ఒక కంప్యూటర్ కొన్నాడు. 386 ప్రాసెసర్, 4 ఎంబీ మెమరీ. ఆగస్టు 25న తను రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ గురించి నలుగురికీ చెబుతూ, ఇది ఏటీ రకం హార్డ్ డిస్కులతో తప్ప బహుశా నడవదు, నా దగ్గర ఉన్నది అదొక్కటే అన్నట్టు రాశాడు. లైనక్స్ పార్టుల చరిత్ర అంతా ఆ మాటలోనే ఉంది. ఏ పార్టు ఎవరి దగ్గర ఉంటే దానికి వాళ్ళే డ్రైవర్ రాసుకున్నారు. ఎక్కువమంది దగ్గర ఉన్న పార్టు బాగా పనిచేసింది. ఎవరి దగ్గరా లేనిది, లేదా కంపెనీ వివరాలు దాచిపెట్టింది, మూలన పడింది.

దాచిపెట్టడం ఎలా ఉంటుందో 1990ల చివర్లో మోడెములు చూపించాయి. ఖర్చు తగ్గించాలని మోడెమ్ చేయాల్సిన పనిని విండోస్ సాఫ్ట్‌వేర్ మీదకి నెట్టేశారు. దాన్ని అందరూ విన్‌మోడెమ్ అన్నారు. కార్డు ఉంది, లైనక్స్‌లో మాత్రం అది చచ్చిన చేపతో సమానం. తర్వాత వైఫై వంతు వచ్చింది. విండోస్ డ్రైవర్‌నే తెచ్చి లైనక్స్‌ను మభ్యపెట్టి నడిపించే ఎన్‌డిస్‌వ్రాపర్ అనే సాధనం ఒకటి ఉండేది. దానితో కుస్తీ పట్టి రాత్రుళ్ళు గడిపినవాళ్ళు ఇప్పటికీ ఆ పేరు వింటే నవ్వుతారు. బ్రాడ్‌కామ్ తన కొత్త వైఫై చిప్పులకు ఓపెన్ డ్రైవర్ ఇచ్చింది 2010లో. ఇంటెల్ అంతకు చాలా ముందే ఆ దారి పట్టింది. షాపులో వైఫై కార్డు ఇంటెల్‌దైతే నేను ఇంకో మాట అడగను.

గ్రాఫిక్స్ సంగతీ ఇంతే. ఏటీఐని కొన్న ఏఎండీ 2007 సెప్టెంబరులో తన చిప్పుల వివరాలు బయటపెట్టడం మొదలుపెట్టింది. 2015లో ఏఎండీజీపీయూ డ్రైవర్ కెర్నెల్‌లోనే చేరింది. ఎన్‌విడియా అలా చేయలేదని 2012లో ఆల్టో యూనివర్సిటీ సభలో టోర్వాల్డ్స్ కెమెరా ముందే మధ్యవేలు చూపించాడు. ఆ కంపెనీ తన కెర్నెల్ భాగాలను ఓపెన్ చేసింది 2022 మేలో. గేములూ, ఏఐ పనులూ లేనివాళ్ళకు విడిగా కార్డే అక్కర్లేదు. ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్ సరిపోతుంది. కార్డు లేకపోతే ఒక ఫ్యాన్ తగ్గినట్టే.

ఇక చప్పుడు. మొదటి 386లకు ఫ్యాన్ అవసరమే లేదు. పెంటియమ్ కాలానికి ప్రాసెసర్ మీద ఫ్యాన్ మామూలైంది. 2004లో వచ్చిన ప్రెస్కాట్ పెంటియమ్ 4లు కొన్ని 100 వాట్లు దాటాయి. ఆ దారిలో ఇంకా ముందుకు పోయే తేజాస్ అనే చిప్పును ఇంటెల్ అదే ఏడాది మేలో మానుకుంది. 2006లో కోర్ 2 డుయో 65 వాట్లకు దిగి వచ్చింది. రూము నిద్ర దృష్టితో చూస్తే నాకు అసలు మలుపు అదే.

ఫ్యాన్ లెక్క తెలుసుకుంటే సగం డబ్బు మిగులుతుంది. స్పీడు సగం చేస్తే గాలి సగమే తగ్గుతుంది, చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. కాబట్టి చిన్న ఫ్యాన్ గిర్రున తిరగడం కంటే పెద్దది మెల్లగా తిరగడం మేలు. 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ల స్థానంలో 120వి వచ్చింది అందుకే. ఆస్ట్రియా కంపెనీ నోక్టువా 2005లో మొదలై ఈ ఒక్క పనిమీదే పేరు తెచ్చుకుంది. దాని ఫ్యాన్ల రంగు మాత్రం మన పాలు ఎక్కువైన చాయ్‌లా ఉంటుంది. ఆ రంగు నచ్చనివాళ్ళు కూడా కొంటారు.

డిస్కు విషయం తొందరగా చెప్పేస్తాను. 2001లో సీగేట్ బారాకుడా ఏటీఏ 4 ద్రవంలో తిరిగే బేరింగులతో వచ్చి ఆ కీచుమనే శబ్దాన్ని తగ్గించింది. 2008లో ఇంటెల్ ఎక్స్25-ఎమ్ లాంటి ఎస్‌ఎస్‌డీలు వచ్చాక తిరిగేదే లేకుండా పోయింది. ఈ రోజు ఎస్‌ఎస్‌డీ కాకుండా ఇంకేదీ కొనొద్దు.

పవర్ సప్లై దగ్గర మాత్రం ఆగాలి, మనవాళ్ళు డబ్బు మిగిల్చేది అక్కడే. గోడ నుంచి 200 వాట్లు తీసుకునే పవర్ సప్లై 70 శాతమే పనికి మళ్ళిస్తే, మిగిలిన 60 వాట్లు వేడి. ఆ వేడిని తోయడానికి ఫ్యాన్, ఆ ఫ్యాన్‌కు చప్పుడు. 2004లో మొదలైన 80 ప్లస్ గుర్తు ఈ నష్టాన్ని 20 శాతానికి దించింది. 2000ల మొదట్లో ఇంకో పీడ కూడా ఉండేది. నాసిరకం ద్రవం నింపిన కెపాసిటర్లు మదర్‌బోర్డుల మీదా పవర్ సప్లైలలోనూ పైన ఉబ్బి, కారి, చచ్చిపోయేవి. పాత బోర్డు కొంటే టార్చి వేసి చూడండి. కెపాసిటర్ తల చదునుగా ఉండాలి.

నమ్మకం అంటే ఏంటో చెప్పడానికి మళ్ళీ టోర్వాల్డ్స్ దగ్గరికే వెళ్ళాలి. 2020లో ఆయన 15 ఏళ్ళ తర్వాత ఇంటెల్ వదిలి 32 కోర్ల ఏఎండీ థ్రెడ్‌రిప్పర్‌కు మారాడు. దాని మీద నోక్టువా కూలర్, గ్రాఫిక్స్‌కు మాత్రం అప్పటికే పాతబడిన ఆర్‌ఎక్స్ 580. తప్పులను తనే దిద్దుకునే ఈసీసీ మెమరీ ఆ మెషీన్‌లో లేదు. 2022 అక్టోబరులో ఒక మెమరీ కడ్డీ చెడిపోయి, ఒక్కోసారి ఒక్కోచోట పని తప్పడం మొదలైంది. కొత్త కెర్నెల్ పనుల మధ్యలో ఆయన లాప్‌టాప్ మీద నెట్టుకొచ్చాడు. మనకు ఈసీసీ దొరకడం కష్టమే. కానీ ఒక రాత్రి మెమ్‌టెస్ట్ నడిపి చూడటానికి ఖర్చేమీ లేదు.

మరి ఇక్కడ ఏం కొనాలి? 2025 అక్టోబరు 14న విండోస్ 10కి సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 ఒప్పుకోని ఇంటెల్ ఆరో, ఏడో తరం ఆఫీసు మెషీన్లు వాడిన సరుకుగా దొరుకుతాయి. లైనక్స్‌కు అవి చక్కగా సరిపోతాయి. ఆఫీసుల కోసం చేసినవి కాబట్టి చప్పుడు తక్కువ. వేలమంది దగ్గర ఉన్నవి కాబట్టి డ్రైవర్లన్నీ ఉంటాయి. ఒక్క జాగ్రత్త. చాలావాటిలో పవర్ సప్లై ఆ కంపెనీ సైజుదే ఉంటుంది, అది పోతే బజారులోది పట్టదు. ఊరికి తీసుకెళ్ళే ఆలోచన ఉంటే చిన్న మినీ డెస్క్‌టాప్ చూడండి, లగేజీలో పడుతుంది. దాని చిన్న ఫ్యాన్ బరువు పనిలో కూస్తుంది, పాటలకూ ఫోన్ కాల్స్‌కూ అయితే ఏం కాదు.

షాపుకి వెళ్ళేటప్పుడు లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకోండి. ఇన్‌స్టాల్ చేయకుండానే సీడీ నుంచి లైనక్స్ నడపడాన్ని జర్మనీకి చెందిన క్లాస్ నాపర్ 2000లో నాపిక్స్‌తో జనంలోకి తెచ్చాడు. ఆ తర్వాత ఉబుంటువాళ్ళు ఊరికే సీడీలు పోస్టులో పంపేవారు, మన ఇంజనీరింగ్ కాలేజీలకూ వచ్చాయి. ఇప్పుడు పెన్‌డ్రైవ్ చాలు. దుబాయ్ ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డులోనైనా ఇంకెక్కడైనా, డబ్బు తీయకముందే దానితో ఆన్ చేయమనండి. వైఫై కలపండి, పాట పెట్టండి, స్లీప్‌లో పెట్టి లేపండి. షాపులో గోల ఉంటుంది కాబట్టి చెవి డబ్బా పక్కన పెట్టి పది నిమిషాలు వినండి. లేవనిది, కూసేది అక్కడే వదిలేసి పక్క షాపుకి నడవండి.

కొన్నాక ఇక్కడి దుమ్ముతో ఇంకో పని ఉంటుంది. సెలవు రోజు మూత తీసి, ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకుని, మెత్తటి బ్రష్‌తో దులపండి. మంచం మీద కాదు, వరండాలో.