పొరుగు పలకపై కూడిక

ముప్పది యేండ్లకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందిన నేను ఈ సాయంకాలము కంప్యూటరుల చరిత్రలోని యొక చిన్న యధ్యాయమును గూర్చి ప్రసంగింపబోవుచున్నాను. అమరకోశమును, లఘుకౌముదియు వల్లించినవాని కీ గొడవ యేల యని మీరు నవ్వవచ్చును. నా దౌహిత్రుడు సెలవులకు వచ్చి తన పాఠమును నాకు బోధించినప్పుడు, దాదాపు నలువదియేండ్ల క్రిందట నేను చేసిన యొక తప్పు నాకు స్ఫురించినది. ముందుగా దానినే చెప్పెదను.

1986వ సంవత్సరము ఆగస్టు నెలలో గోదావరికి మహత్తరమైన వరద వచ్చినది మీకు జ్ఞాపకముండును. అప్పుడు నేను పనిచేయుచుండిన పాఠశాలలో బాధితులకై చందాలు పోగుచేసితిమి. పెట్టె శనివారమునగాని తెరచుట లేదు. ఏనాటి కెంత వచ్చినదో ఆ మొత్తమును మాత్రము ముఖద్వారమునందలి నల్లబల్లపై వ్రాయుచుంటిమి. ఒకనాడు బల్లపై 1,240 రూపాయలని యుండెను. నే నా యంకెను చూచుకొని తరగతికి పోయి, పిల్లలు తెచ్చిన 60 రూపాయలను లెక్కించి, 1,300 అని కాగితముపై వేసికొంటిని. అదే సమయమున నా సహోపాధ్యాయు డొకడు అదే 1,240ని చూచుకొని, తన తరగతివారి 85 రూపాయలను చేర్చి, 1,325 అని బల్లపై వ్రాసి పోయెను. పిమ్మట నేను వచ్చి, ఉన్న యంకెను పరికింపకయే తుడిచి, 1,300 అని వ్రాసితిని.

సాయంకాలము బల్లను చూచిన తలిదండ్రులు, మా పిల్లల 85 రూపాయ లెక్కడ అనిరి. మూడు దినములు ఊరిలో ఆయన మాట యెత్తినవారెల్ల పెదవి విరిచిరి. శనివారము పెట్టె తెరచి లెక్కింపగా సొమ్ము సరిగానే యున్నది. దొంగ యెవడును లేడు. తప్పు నాది, దానికంటె మా పద్ధతిది. మఱుసటి వారమునుండి ఎవ్వరును మొత్తము వ్రాయరాదనియు, బల్లయొద్ద కూర్చున్న యొక విద్యార్థికి “ఇంత చేర్చుము” అని మాత్రమే చెప్పవలెననియు నియమించితిమి.

ఈ చిక్కే కంప్యూటరులవారికిని తటస్థించినది. పెద్ద లెక్కను అనేక యంత్రములు పంచుకొని ఏకకాలమున చేయుటకు సమాంతర గణనమని పేరు. అంకెలు నిలువయుండు చోటు మెమరీ. స్మృతి యందమన్న మనువును, యాజ్ఞవల్క్యుని తలంతురు గనుక మెమరీ యనియే వాడెదను. ఇద్దరు ఒకే అంకెను చదివి, వేఱువేఱుగ కూడి, తిరిగి వ్రాసినచో ఒకరి కూడిక నశించును. ఒకరు లోపల నుండగా ఇంకొకరు ప్రవేశింపకుండ నేర్పాటు చేయుటెట్లను ప్రశ్నకు హాలెండు దేశీయుడగు డైక్‌స్ట్రా 1965లో ఒక సమాధానమును ప్రకటించెను. అది తలుపునకు గడియ వేయుటవంటిది. గడియవలన క్షేమమే గాని, వేయిమంది వేచియుండవలసివచ్చినప్పుడు ద్వారమువద్దనే ప్రొద్దు గడచును.

1980 ప్రాంతమున న్యూయార్కు విశ్వవిద్యాలయమువారు అల్ట్రాకంప్యూటరను యంత్రమునకై వేఱొక యుపాయమును తలపెట్టిరి. అంకెను ఇంటికి తెచ్చుకొని కూడుట మాని, “నా భాగమును చేర్చి, చేర్చుటకు ముందున్న యంకెను నాకు తెలుపుము” అను ఆజ్ఞను మెమరీకే పంపుట వారి పద్ధతి. గాట్లీబు మొదలగువారు దానిని విపులముగ వర్ణించిరి. ఇందులో నాకు మిక్కిలి నచ్చిన దొకటి కలదు. ఒకే చోటికి పోవుచున్న రెండు ఆజ్ఞలు దారిలో ఒక కూడలియొద్ద కలిసినయెడల, ఆ కూడలియే రెండింటిని కూడి ఒక్క యాజ్ఞగా ముందునకు పంపును. 60యు, 85యు కలిసి 145గా పోవును. మెమరీనుండి 1,240 అను ప్రత్యుత్తరము రాగా, కూడలి మొదటివానికి 1,240 అనియు, రెండవవానికి 1,300 అనియు చెప్పును. ఇద్దరును ఒకరి తరువాత ఒకరు వచ్చినట్లే యుండును. ద్వారమువద్ద వరుస మాత్రము పెరుగదు.

అయితే ఎల్లరకు ఒకే మెమరీ యుండు యంత్రమును విస్తరింపజేయుట వ్యయసాధ్యము. కావున ఎవరి మెమరీ వారిదిగా గల చిన్న యంత్రములను తీగలతో కలుపు మార్గము ప్రబలమయ్యెను. 1983లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ సంస్థవారు 64 యంత్రములను కూర్చి కాస్మిక్ క్యూబును నడపిరి. మన దేశమున 1988లో స్థాపితమైన సీ-డాక్ సంస్థవారు పూనాలో సిద్ధపరచి 1991లో ప్రదర్శించిన పరమ్ 8000 యీ తెగకు చెందినదే. ఇట్టివానిలో సందేశము పంపువాడొకడు, దానిని పుచ్చుకొనుటకు సిద్ధపడువాడొకడు, ఇరువురును ఉండవలెను. పరమ్ యంత్రమునకు మూలమైన ట్రాన్స్‌ప్యూటరులో పుచ్చుకొనువాడు చేయి చాచువఱకు పంపువాడు నిలిచియుండవలసినదే. ఇది ఉభయపక్ష వ్యవహారము.

ఈ పద్ధతి చాలని పను లున్నవి. ఒక అణువులోని ఎలక్ట్రానుల లెక్కను తీసికొనుడు. అందులకు ఫాక్ మాట్రిక్సను పెద్ద అంకెల పట్టిక కావలెను. ఆ పట్టిక ముక్కలు ముక్కలుగా అనేక యంత్రముల మెమరీలలో పఱచియుండును. లెక్కించువాడు ఒక చిన్న భాగమును ముగించినంతనే దాని ఫలితము ఎక్కడెక్కడి గడులలోనో చేరవలెను. ఒక్కొక్క భాగమునకు పట్టుకాలము ఒక్కొక్క విధము. ఏ క్షణమున ఎవనియొద్దనుండి ఎంత వచ్చునో గడి యజమాను డెఱుగడు. ఎఱుగనివాడు చేయి చాచి ఎట్లు నిలుచును?

అందువలన ఏకపక్ష వ్యవహారము పుట్టినది. 1993లో వెలువడిన క్రే టీ3డీ యంత్రమున ష్మెమ్ అను సాధనముచే ఒకడు పొరుగువాని మెమరీలో అతని నడుగకయే వ్రాయగలిగెను, చదువగలిగెను. వేగము వచ్చినది, దానితోపాటే మా నల్లబల్ల చిక్కును వచ్చినది. చదివి, కూడి, వ్రాసినచో ఇంకొకని కూడిక తుడిచిపెట్టుకొనిపోవును గదా! 1994లో అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ లేబరేటరీయందు నీప్లోహా, హారిసన్, లిటిల్‌ఫీల్డు అను మువ్వురు గ్లోబల్ అర్రేస్ అను సాధనమును ప్రకటించిరి. అందు చదువుట, వ్రాయుట అను రెండింటి సరసన అక్యుములేట్, అనగా పోగుచేయుట, అను మూడవ క్రియను నిలిపిరి. ఆ లేబరేటరీవారి రసాయన గణన గ్రంథమగు ఎన్‌డబ్ల్యూకెమ్ దీనిపైననే ఆధారపడినది.

అదే 1994లో ఎం.పి.ఐ. అను సందేశ వ్యవహారపు సామాన్య నియమావళి వెలువడినది. అందు ఏకపక్షమునకు చోటు లేదు. 1997 నాటి రెండవ సంపుటమున చోటు దొరకెను. యజమానుడు తన మెమరీలో కొంతభాగమును ముందుగా అందఱకు తెరచియుంచును. దానిని విండో, అనగా గవాక్షము, అందురు. ఆ గవాక్షమునుండి ఒకే గడిలో ఇద్దరు ఏకకాలమున వ్రాయుట తప్పు. ఇద్దరు ఒకే తీరున పోగుచేయుట ఒప్పు. ఏ కూడికయు నశింపదు. కూడిక, గుణకారము, గరిష్ఠము, కనిష్ఠము మొదలగు నిర్ణీత క్రియలనే పంపవలెను గాని, ఎవడును తన స్వంత క్రియను కల్పించి పంపరాదు. పొరుగింటి గాదెలో వడ్లు పోయనిత్తురు గాని, అచ్చట పొయ్యి పెట్టి వండనియ్యరు గదా.

రెండు జాగ్రత్తలు చెప్పవలసియున్నవి. ఆజ్ఞ పంపినంతమాత్రమున పని యైనదని తలపరాదు. గడువు మూయబడిన పిమ్మటనే అంకెను నమ్మవలెను. ఎవరి కూడిక ముందు చేరునో నిశ్చయము లేకుండుట రెండవది. కూడికకు క్రమమేల యందురా? యంత్రము పరిమితమైన అంకెలనే దాచుకొనును. మూడు ముఖ్యాంకెలే నిలుచునని యనుకొనుడు. 1,000కి 4 చేర్చిన 1,004. అది కుదింపబడి మరల 1,000 అగును. ఇంకొక 4 చేర్చినను అంతే. ముందుగా నాలుగును నాలుగును కలిపి 8గా చేర్చినచో 1,008, కుదింపగా 1,010 అగును. నేటి యంత్రములు అంతకంటె చాల యెక్కువ అంకెలను దాచును గాని, ఒకే లెక్క రెండుమార్లు చేసిన తుది యంకెలలో భేదము రావచ్చును.

1997 నాటి యేర్పాటులో ఒక కొఱత మిగిలినది. చేర్చినవానికి పూర్వపు అంకె తిరిగి తెలియదు. న్యూయార్కువారు చేసిన రెండు మేళ్లలో ఒకటి పట్టుబడినది, ఒకటి జాఱిపోయినది. తరువాతి పని ఎవరి వంతో వరుససంఖ్య యిచ్చి పంచుటకు ఈ తిరుగు జవాబు అత్యావశ్యకము. 2012లో వెలువడిన మూడవ సంపుటము దానిని చేర్చినది. పదునైదేండ్లు పట్టుట నాకు వింతగా తోచినది. కోశమున ఒక్క పదము చేర్చుటకు పండితులు పడు కలహమును ఎఱిగినవాడను గనుక మిక్కిలి వింతగా తోచలేదు.

ఈ వృత్తాంతమును నిరుడు నా పాత సహోపాధ్యాయునకు టెలిఫోనులో వినిపించితిని. ఆయన సాంతము విని, “ఎంత చేరినదో సరే, ఎవరు చేర్చిరో ఆ గడి చెప్పునా?” అని యడిగెను. చెప్పదంటిని. గడిలో మొత్తమే యుండును. పేర్లు కావలెనన్న ఎవరి లెక్క వారు వేఱుగ వ్రాసికొనవలసినదే. ఆ 85 రూపాయల రశీదుల ప్రతులు తన పెట్టెలో నేటికిని ఉన్నవని ఆయన చెప్పెను.