కారుకి వడ్డాణం

మా తమ్ముడు ఎత్తయిన కారొకటి కొన్నాడు. వారం తిరక్కుండానే దాని ముందువైపు లావుపాటి స్టీలు కమ్మీలు పెట్టించుకొచ్చాడు. "బంపర్ గార్డక్కా, సేఫ్టీకి" అన్నాడు. నాకైతే పసిపిల్లకి పెద్దవాళ్ళ వడ్డాణం పెట్టినట్టనిపించింది. అందం సంగతి అలా ఉంచి, ఆ సేఫ్టీ ఏపాటిదో చూద్దామని కూర్చున్నాను.

ఈ నగకి పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడ ఊళ్ళకి దూరంగా పోయే రోడ్ల మీద చీకటిపడే వేళ కంగారూలు బండికి అడ్డంగా దూకుతాయి. రేడియేటర్ పగిలితే ఆదుకునే నాథుడుండడు. అందుకని లారీలకీ జీపులకీ ఇనుప కమ్మీలు బిగించుకున్నారు. వాటిని "రూ బార్" అంటారు. అవసరానికి పుట్టింది కాస్తా 1990లకల్లా బ్రిటన్ నగరాల్లో షోకైపోయింది. లండన్ వీధుల్లో కంగారూలెక్కడివి? కమ్మీకి తగిలేది రోడ్డు దాటే మనుషులూ, పిల్లలూ. ఐరోపా దేశాలు 2005లో వీటికి నిబంధనలు బిగించాయి. మన కేంద్ర రవాణా శాఖ కూడా 2017 డిసెంబరులో వీటిమీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది.

కారు ముందుభాగాన్ని గుద్దుకున్నప్పుడు నలిగేటట్టే తయారుచేస్తారు. అది నలిగితే లోపలివాళ్ళకి దెబ్బ తగ్గుతుంది. ఛాసిస్‌కి బిగించిన కమ్మీ నలగదు, ఆ అదురు తిన్నగా లోపలికొస్తుంది. ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పే సెన్సర్లు కూడా పొరబడొచ్చు.

"అందరూ పెట్టుకుంటున్నారుగా" అన్నాడు వాడు.

వాడి నాలుగేళ్ళ కూతుర్ని ఆగివున్న కారు ముందు నిలబెట్టాను. పై కమ్మీ సరిగ్గా దాని నుదుటి దగ్గరికొచ్చింది. వాడేం మాట్లాడలేదు. ఆదివారం మెకానిక్ దగ్గరికెళ్తానన్నాడు, చూడాలి.