బావ స్లాబు ఇల్లు - ఇరాక్ చమురు

మా ఊళ్లో బావ ఇంటిని ఇప్పటికీ కువైట్ ఇల్లు అంటారు. నిజానికి అది కువైట్‌లో సంపాదించిన డబ్బుతో కట్టింది కాదండి. అక్కడ పోగొట్టుకున్నదానికి వచ్చిన పరిహారంతో కట్టింది. ఆ పరిహారం ఎవరి నోటి దగ్గర నుంచి వచ్చిందో చదివాక, ఆ ఇంటి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు ఏదోలా ఉంటుంది.

1990 మనకి అచ్చిరాని ఏడు. మే నెలలో తుఫాను వచ్చింది. ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌లో దిగింది. నేను అప్పటికి ఇంటర్ అయ్యి నాన్నతో చేలోకి వెళ్తున్నాను. రాజోలు, అమలాపురం వైపు అప్పటికే చాలా ఇళ్లకి గల్ఫ్ డబ్బే ఆధారం. ఉత్తరాలు ఆగిపోయాయి. పొద్దున్నే ఆడవాళ్లు వచ్చి పోస్టాఫీసు అరుగు మీద కూర్చునేవారు.

ఆగస్టు 6న ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 661వ తీర్మానం చేసింది. ఇరాక్‌తోనూ, అది ఆక్రమించిన కువైట్‌తోనూ వ్యాపారం బంద్. మందులకి మినహాయింపు ఇచ్చారు. తిండికి మాత్రం మానవతా పరిస్థితులు ఉంటేనే అని మెలిక పెట్టారు. గురి సద్దాం మీద. కానీ కువైట్‌లో మన దేశం వాళ్లే లక్షన్నరకి పైన ఉన్నారు. వాళ్లకి బియ్యం పంపాలన్నా ఆ మెలిక విప్పాలి. సెప్టెంబరు 13న 666వ తీర్మానం అయ్యాకే మన ఓడ విశ్వసిద్ధి సరుకుకి అనుమతి దొరికింది.

బావ అప్పటికే బయల్దేరాడు. బస్రా, బాగ్దాద్ మీదుగా బస్సులో జోర్డాన్, అక్కడ ఎడారిలో గుడారం, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానం. జేబులో కువైట్ దినార్లు ఉన్నాయి గానీ మార్చుకునేవాడు లేడు.

అక్కడితో అయిపోలేదు. ఇరాక్, కువైట్ చమురు బజారులోంచి పోయింది. జూలైలో పీపా 20 డాలర్ల లోపు ఉన్నది అక్టోబరుకి 40 తాకింది. గల్ఫ్ డబ్బు తగ్గింది, దేశంలో డాలర్లు అడుగంటాయి. అంతా ఆంక్షల మీదే తోసేయకూడదు, ముందు చేసిన అప్పులూ ఉన్నాయి. 1991 జూలైలో 47 టన్నుల బంగారం ఇంగ్లండు, జపాను బ్యాంకుల్లో తాకట్టుకి వెళ్లింది. అదే నెల 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచారు. గొడవయ్యాక 30కి తగ్గించి, చిన్న సన్నకారు రైతులకి మినహాయింపు అన్నారు. కొట్టుకి వెళ్లి అడిగితే నాన్నకి దొరికిన మాట, స్టాకు లేదు అని.

ఇక పరిహారం సంగతి. యుద్ధం అయ్యాక 1991లో ఐరాస ఒక పరిహార కమిషన్ పెట్టింది. కువైట్ వదిలి వచ్చిన ఒంటరి మనిషికి 2,500 నుంచి 4,000 డాలర్ల దాకా లెక్క కట్టారు. ఇచ్చుకోవాల్సింది ఇరాక్, తన చమురు అమ్మి. ఆంక్షల వల్ల ఆ చమురు అమ్ముడు పోదు! ఏళ్లు గడిచాయి. 1996 డిసెంబరులో తిండి కోసం చమురు పథకం మొదలయ్యాక, అమ్మిన సొమ్ములో 30 శాతం ముందే పరిహారానికి తీసి, మిగిలినదాంట్లోంచి ఇరాక్ జనానికి పిండి, మందులు కొన్నారు. ఆ పనులు చూసిన ఐరాస అధికారి డెనిస్ హాలిడే 1998లో ఆంక్షలకి నిరసనగా రాజీనామా చేశాడు. సద్దాం మాత్రం 2003లో అమెరికా సైన్యం వచ్చేదాకా గద్దె మీదే ఉన్నాడు.

మొన్న బావకి ఇదంతా చెప్పాను. కోపం వచ్చింది. "నా కష్టం మొత్తం అక్కడ వదిలేసి వచ్చాను, అది నాకు రావాల్సిందేరా" అన్నాడు. అదీ నిజమే. కాఫీ తాగి కాసేపయ్యాక ఆయనే మొదలుపెట్టాడు. బస్రా దగ్గర బస్సు ఆగినప్పుడు ఒక ముసలావిడ రొట్టెలు, ఖర్జూరాలు తెచ్చి పంచిందంట. డబ్బులిస్తే తీసుకోలేదంట. "వాళ్లింట్లో చిన్న పిల్లలు కూడా ఉన్నార్రా" అన్నాడు.