నంద్యాల సీమలో పాపపు ఒప్పుకోలు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల క్రైస్తవుల్లో పాపపు ఒప్పుకోలు ఆచారంగా కుదురుకున్నది ప్రధానంగా ఆంగ్లికన్ సంఘం ద్వారా. ఆ సంఘానికి చెందిన ఎస్.పి.జి. మిషన్ 1840లలో కడప వైపు నుంచి ఈ సీమలోకి విస్తరించింది. 1850లలో ఆ మిషన్ గురువు జాన్ క్లే ఆళ్లగడ్డ సమీపంలోని ముత్యాలపాడులో నిలిచి పనిచేశాడు. చుట్టుపక్కల మాలపల్లెల్లో సంఘాలు మొదలయ్యాయి. 1876-78 నాటి ధాత కరువు తరువాత ఇంకా పెరిగాయి. ఆ పైన నంద్యాల మిషన్‌కు ముఖ్య కేంద్రమైంది.

ఈ సంఘాల ఆరాధనకు ఆధారంగా ఉండేది 1662 నాటి సాధారణ ప్రార్థనల గ్రంథం. దాని ప్రకారం ఉదయ, సాయంకాల ఆరాధనల్లో సంఘమంతా మోకరించి ఒకే గొంతుతో పాపం ఒప్పుకుంటుంది. ఎవరి తప్పునూ పేరుపెట్టి చెప్పరు; దాచుకున్నది ఆ మనిషికీ దేవునికీ మధ్యనే ఉంటుంది. మనసు నెమ్మదించనివాడు ప్రభుభోజనానికి ముందు గురువు దగ్గరికి వెళ్లి చెప్పుకోవచ్చు. మంచాన పడ్డ రోగిని కూడా గురువు అలా ఒప్పుకొమ్మని ప్రోత్సహించి, క్షమాపణ పలుకుతాడు. రోమన్ కతోలికుల పద్ధతి వేరు. ఏడాదికి ఒక్కసారైనా గురువు చెవిన పాపం చెప్పి తీరాలని 1215 నాటి లాటెరన్ మహాసభ విధించింది. ఆంగ్లికన్ గ్రంథం తలుపు తెరిచి ఉంచిందే గాని బలవంతం చేయలేదు.

తీర్పు మాట అన్నిటికన్నా గట్టిగా వినిపించేది భస్మ బుధవారం నాడు. ఆ రోజుకు గ్రంథంలో ప్రత్యేక ఆరాధన ఉంది. బైబిలులోని ద్వితీయోపదేశకాండం ఆధారంగా గురువు శాపాలను ఒక్కొక్కటే చదువుతాడు, ప్రతిదానికీ జనం ఆమేన్ అంటారు. పొరుగువాడి పొలం గట్టు రాయి జరిపినవాడు, గుడ్డివాణ్ణి దారి తప్పించినవాడు, తండ్రిలేని బిడ్డకూ విధవకూ అన్యాయపు తీర్పు చెప్పినవాడు, చాటుగా పొరుగువాణ్ణి కొట్టినవాడు, అందరూ ఆ జాబితాలో ఉన్నారు. వీటిలో చాలా భాగం సాక్షులు లేని పాపాలే. ఊరి పంచాయతీకి అందని తప్పుకు కూడా తీర్పరి ఉన్నాడన్న ఈ మాట, సొంత భూమి లేక కూలినాలి మీద బతికే జనానికి భయం మాత్రమే కాదు, అండ కూడా.

1906లో పరిస్థితి మరో మలుపు తిరిగింది. వేల్సులో 1904లో, ఖాసీ కొండల్లో 1905లో రేగిన ఉజ్జీవం తెలుగు బాప్టిస్టు సంఘాలకు పాకింది. ఏళ్ల తరబడి దాచిన తప్పులను మనుషులు కూటాల్లో ఏడుస్తూ బయటపెట్టారు. గ్రంథం చూసి చదివే ఒప్పుకోలుకు ఇది పూర్తిగా భిన్నం.

ఆంగ్లికన్ సంఘాల్లో మాత్రం క్రమశిక్షణ దారే నడిచింది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య దోర్నకల్ మేత్రాసనాన్ని నడిపాడు. తరువాత అది విస్తరించినప్పుడు నంద్యాల సీమ కూడా అందులో చేరింది. అజరయ్య ఈ విషయంలో పట్టుదల మనిషి. విగ్రహపూజలో పాల్గొన్నవారిని, వ్యభిచరించినవారిని, క్రైస్తవేతర పద్ధతిలో పెళ్లి చేసుకున్నవారిని ప్రభుభోజనానికి దూరం పెట్టేవారు. తప్పు ఒప్పుకొని, గడువు గడిచాకే తిరిగి చేర్చుకునేవారు. క్రైస్తవ సంఘపు తొలి శతాబ్దాల్లో ఇలాంటి బహిరంగ ప్రాయశ్చిత్తం ఉండేదని, అది మళ్లీ రావాలని ప్రార్థనల గ్రంథం కోరింది. ఇంగ్లండులో నెరవేరని ఆ కోరిక తెలుగు పల్లెల్లో నెరవేరింది. కుల పంచాయతీ వెలివేత, తప్పు కట్టించుకుని కలుపుకోవడం ఎరిగిన జనానికి ఇది కొత్తగా తోచి ఉండదు. తేడా ఒకటుంది. సంఘం విచారించింది బయటపడ్డ తప్పునే. దాగినదాన్ని దేవుని తీర్పుకు వదిలింది.

క్షమాపణ పలికే అధికారం గురువుకు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న 1947లో పెద్ద చీలికకు ఒక కారణమైంది. ఆ ఏడాది సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మరికొన్ని ప్రొటెస్టంటు సంఘాల కలయికతో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. బిషప్పు చేతి అభిషేకం లేని గురువులను కూడా అది అంగీకరించింది. నంద్యాల ఆంగ్లికన్లలో వేలమంది ఇందుకు ఒప్పుకోక, కలకత్తా మెట్రోపాలిటన్ కింద వేరుగా ఉండిపోయారు. 1963లో నంద్యాల ప్రత్యేక మేత్రాసనమైంది. చివరికి 1975లో ఆ మేత్రాసనం దక్షిణ ఇండియా సంఘంలో చేరింది. 1950లో ఆ సంఘం కూర్చుకున్న ప్రభుభోజన క్రమంలో, పాత గ్రంథానికి భిన్నంగా, పాపపు ఒప్పుకోలు ఆరాధన ఆరంభంలోనే వస్తుంది.