బీట్నిక్‌లు

1950ల చివర అమెరికాలో, ముఖ్యంగా శాన్‌ఫ్రాన్సిస్కోలోని నార్త్‌బీచ్‌లోనూ న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్‌లోనూ కనిపించిన యువజన ఉపసంస్కృతి. జాక్ కెరోవాక్, అలెన్ గిన్స్‌బర్గ్, విలియం బరోస్ వంటి బీట్ తరం రచయితల ప్రభావంతో పుట్టింది. పేరు మాత్రం వాళ్లు పెట్టింది కాదు. 1957 అక్టోబరులో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించింది. ఆర్నెల్లు తిరక్కుండానే, 1958 ఏప్రిల్ 2న, శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ కాలమిస్టు హెర్బ్ కేన్ ‘బీట్’కు ‘నిక్’ అనే ఆ రష్యన్ తోక తగిలించాడు. కెరోవాక్‌కూ గిన్స్‌బర్గ్‌కూ అది నచ్చలేదు. నచ్చకపోవడం న్యాయమే: నల్ల స్వెటరు, పిల్లిగడ్డంతో బొంగో డ్రమ్ములు పట్టుకున్న సోమరిగా టీవీ చూపిన బొమ్మకూ, వాళ్లు రాసిన సాహిత్యానికీ పొంతన లేదు.

బీట్నిక్‌ల వాడుక భాష ఇంకా లోతైన విషయం. ‘క్యాట్’ అంటే మనిషి, ‘ప్యాడ్’ అంటే ఉండే గది, ‘బ్రెడ్’ అంటే డబ్బు, ‘డిగ్’ అంటే ఒకదాన్ని అర్థం చేసుకుని ఇష్టపడటం, ‘స్క్వేర్’ అంటే లోకం గీసిన గీత దాటని ఛాందసుడు. ఈ మాటల్లో చాలావరకు బీట్నిక్‌ల సృష్టి కావు. హార్లెమ్ క్లబ్బుల్లో వాయించిన నల్లజాతి జాజ్ కళాకారులవి. గాయకుడు క్యాబ్ క్యాలొవే 1938లోనే అలాంటి మాటలతో ఒక నిఘంటువు వెలువరించాడు. ఈ మాటల ఘనత ఆ కళాకారులకే దక్కాలి. 1960ల మధ్యలో ‘హిప్’ నుంచి వచ్చిన హిప్పీలు బీట్నిక్‌ల స్థానాన్ని ఆక్రమించారు. ఆ మాటల్లో ఒకటైన ‘కూల్’ మాత్రం తెలుగు కుర్రకారు నోట కూడా నిలిచిపోయింది.